కొత్త క్యామ్ వేశాక మార్కులు కలిస్తే సరిపోతుందా? టైమింగ్ అసలు ఎలా చూడాలి

పోయిన వీడియో కింద ఖమ్మం నుంచి ఒక తమ్ముడు అడిగాడు. "అన్నా, నా స్ప్లెండర్‌కి కొత్త క్యామ్ వేయించా. మార్కులు కరెక్ట్‌గానే కలిశాయని మెకానిక్ అన్నాడు. అయినా పికప్ రావట్లేదు, ఎందుకు?" ఇలాంటి ప్రశ్న ఈ నెలలో నాకు చాలాసార్లు వచ్చింది. అందుకే ఈసారి టేబుల్ మీద ఫోన్ లేదు, ఒక పాత 100 సీసీ ఇంజన్ హెడ్ ఉంది.

ముందే చెప్పేస్తా. మార్కులు కలపడం ఒక పని, టైమింగ్ చెక్ చేయడం ఇంకో పని. నేను ఆరేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశా కాబట్టి నా భాషలో చెప్పాలంటే, కోడ్ కంపైల్ అయిందంటే సరిగ్గా పని చేస్తుందని అర్థం కాదు కదా, ఇదీ అంతే. కంపెనీ క్యామ్ తీసి మళ్ళీ అదే కంపెనీ క్యామ్ వేస్తే మార్కులు దాదాపు చాలు, కాకపోతే ఒక చిన్న చెక్ ఉంది. వేరే కంపెనీ క్యామ్ వేసినా, హెడ్‌కి లేత్ మీద పని చేయించినా, కొలిచి చూడాల్సిందే.

క్యామ్ ఏం చేస్తుందో ముందు చూద్దాం. మీ ఇంట్లో పెద్దవాళ్ళు నడిపిన రాజ్‌దూత్, పాత చేతక్ గుర్తున్నాయా? అవి టూ స్ట్రోక్. వాటిలో క్యామ్ లేదు, వాల్వ్‌లు లేవు, సిలిండర్ గోడకున్న రంధ్రాలని పిస్టనే మూసి తెరిచేది. 1985లో హీరో హోండా సీడీ 100 వచ్చాక ఫోర్ స్ట్రోక్ బండి మన ఊళ్ళలోకి వచ్చింది. అదే వంశంలో 1994లో స్ప్లెండర్ వచ్చింది. ఇందులో గాలి, పెట్రోలు లోపలికి రావడానికి ఒక వాల్వ్, పొగ బయటికి పోవడానికి ఒక వాల్వ్. ఆ రెండిటినీ సమయానికి నొక్కేది క్యామ్. ఇదిగో, ఈ గుడ్డు ఆకారంలో ఉబ్బిన భాగం చూడండి, దీన్ని లోబ్ అంటారు. ఇది తిరుగుతూ రాకర్‌ని లేపుతుంది, రాకర్ వాల్వ్‌ని నొక్కుతుంది.

క్రాంక్ రెండు చుట్లు తిరిగితే క్యామ్ ఒక్క చుట్టు తిరగాలి. అందుకే క్యామ్ మీది స్ప్రాకెట్‌కి క్రాంక్ స్ప్రాకెట్ కంటే రెట్టింపు పళ్ళు ఉంటాయి. మధ్యలో టైమింగ్ చైన్. గోదావరి ఒడ్డున పొలాలకి నీళ్ళు తోడే డీజిల్ ఇంజన్లలో చైన్ బదులు పళ్ళ చక్రాలే ఉంటాయి, చుక్కకి చుక్క కలిపి బిగిస్తారు. అక్కడ వదులు తక్కువ, తప్పు జరగడం కూడా తక్కువ. చైన్ ఉన్నచోటే మన కష్టాలన్నీ.

ఇక్కడ ఒక విషయం నిదానంగా వినండి, మిగతా అంతా దీని మీదే ఆధారపడి ఉంది. పిస్టన్ కిందికి దిగేటప్పుడు ఇన్‌లెట్ వాల్వ్ తెరుచుకుని ఉంటుంది. పిస్టన్ అడుగుకి వచ్చాక వాల్వ్ మూసుకోవాలి కదా అనుకుంటాం. మూసుకోదు. పిస్టన్ మళ్ళీ పైకి కొంచెం ఎక్కేదాకా తెరిచే ఉంచుతారు. ఎందుకంటే స్పీడు మీద ఉన్నప్పుడు లోపలికి దూసుకొచ్చే గాలికి ఒక ఊపు ఉంటుంది. రైలు దిగే జనం లాగా, ముందువాళ్ళు ఆగినా వెనకవాళ్ళు తోస్తూనే ఉంటారు. ఆ ఊపుతో ఇంకొంచెం మిశ్రమం సిలిండర్‌లోకి చేరుతుంది. కానీ ఇంజన్ నెమ్మదిగా తిరుగుతుంటే ఆ ఊపు ఉండదు. వాల్వ్ ఆలస్యంగా మూసుకుంటే, లోపలికి వచ్చిన మిశ్రమాన్నే పిస్టన్ వెనక్కి నెట్టేస్తుంది. కంప్రెషన్ పడిపోతుంది. అంటే క్యామ్ లేటుగా ఉంటే కిక్ మెత్తగా అనిపిస్తుంది, స్టార్టింగ్ మొండికేస్తుంది, ఎత్తు మీద బండి ఏడుస్తుంది. తిన్నటి రోడ్డు మీద స్పీడు అందుకున్నాక మాత్రం పర్వాలేదనిపిస్తుంది. క్యామ్ ముందుగా ఉంటే దీనికి తిరగబడుతుంది, కింద పికప్ బాగుంటుంది, పైన ఊపిరి అందదు.

ఇది థియరీ. నాకు ఇది ఎక్కడ పనికొచ్చిందో చెప్తా.

మా అక్క ఏఎన్ఎం. భద్రాచలం నుంచి దుమ్ముగూడెం దాటి చర్ల వైపు పోతే, రోడ్డుకి ఒక పక్క గోదావరి, ఇంకో పక్క అడవి. ఆ అడవి అవతల ఛత్తీస్‌గఢ్. బుధవారం టీకాల రోజు. ఐస్ ప్యాక్‌లు పెట్టిన వ్యాక్సిన్ క్యారియర్ భుజాన వేసుకుని అక్క లోపలి కోయ గూడేలకి పోవాలి. బావ స్ప్లెండర్ మీద దింపుతాడు. తారు రోడ్డు వదిలాక వాగు ఇసుక, తర్వాత గుట్ట దారి. ఆయిల్ తగ్గినా పట్టించుకోకుండా నడిపారు, క్యామ్ అరిగి టకటక మొదలైంది. టౌన్‌లో ఒక షాపులో, పేరు అనవసరం, క్యామ్, రాకర్లు కొత్తవి వేయించారు. శబ్దం పోయింది. పికప్ కూడా పోయింది. ఒక బుధవారం గుట్ట మొదట్లోనే ఇద్దరితో బండి ఎక్కనంది. అక్క దిగి, ఆ డబ్బా మోసుకుని, నాలుగు కిలోమీటర్లు నడిచింది. ఆ డబ్బాలో చల్లదనానికి ఒక లెక్క ఉంటుంది, ఎండకి అది ఆగదు. ఆ రోజు టైముకి చేరింది. "ప్రతి వారం ఇట్లా నడవాలంటే నా వల్ల కాదురా తమ్ముడూ" అంది ఫోన్లో.

ఆదివారం వెళ్ళా. "ఏం బామ్మర్దీ, కంప్యూటర్ వదిలేసి రెంచీ పట్టావే" అని బావ నవ్వాడు. కార్బ్యురేటర్ కడిగించారట, ప్లగ్ మార్చారట, క్లచ్ ప్లేట్లు కూడా అనుమానించారట. క్యామ్ మార్చిన రోజు నుంచే పికప్ పోయిందంటే మొదట చూడాల్సింది టైమింగే. ఇంజన్ విప్పక్కర్లేదు. ప్లగ్ తీసేయండి, అప్పుడు క్రాంక్ చేత్తో తేలిగ్గా తిరుగుతుంది. ఎడమ వైపు కవర్‌కి రెండు మూతలుంటాయి. నడిమి మూత తీస్తే క్రాంక్ నట్ కనబడుతుంది, చిన్న మూతలోంచి మాగ్నెట్ మీది గుర్తులు కనబడతాయి. హెడ్ పక్కన ఉన్న గుండ్రటి మూత తీస్తే క్యామ్ స్ప్రాకెట్. ఎడమ వైపు నుంచి చూస్తూ గడియారానికి ఎదురు దిశలో తిప్పండి, ఇంజన్ నడిచే దిశ అదే.

మాగ్నెట్ మీద 'టీ' అనే అక్షరం గీత ఉంటుంది, పిస్టన్ పూర్తిగా పైన ఉందని దాని అర్థం. దానికి ముందు 'ఎఫ్' గీత వస్తుంది, అది ప్లగ్ మంట కొట్టే చోటు. ఇంజన్ మసిలో ఈ రెండూ ఒకేలా కనబడతాయి, గుడ్డతో తుడిచి చూడండి. 'టీ' గీత గాడికి ఎదురుగా వచ్చినప్పుడు, క్యామ్ స్ప్రాకెట్ మీది సున్నా గుర్తు హెడ్ మీది గాడికి ఎదురుగా ఉండాలి. 'టీ' రెండు చుట్లలో రెండుసార్లు వస్తుంది, కాబట్టి సున్నా అవతలి వైపు ఉంటే కంగారు పడకండి, ఇంకో చుట్టు తిప్పండి.

బావ బండిలో 'టీ' కలిసింది. సున్నా మాత్రం గాడి దాకా రాలేదు, ఒక పన్ను వెనక ఆగిపోయింది.

మరి షాపులో మార్కులు కలిశాయన్నారు కదా? అబద్ధం కాదు. బిగించేటప్పుడు కలిసే ఉంటాయి. చైన్‌కి రెండు వైపులు ఉంటాయి. ఒకటి క్రాంక్ లాగే వైపు, ఇంకోటి టెన్షనర్ ఉన్న వైపు. వదులు అంతా టెన్షనర్ వైపే ఉండాలి. లాగే వైపు వదులు మిగిలిపోతే, మార్కులు కలిసినట్టే కనబడతాయి. కానీ ఇంజన్ తిరగ్గానే క్రాంక్ ముందు ఆ వదులుని లాక్కుంటుంది, అప్పటిదాకా క్యామ్ కదలదు. ఆ కొంచెంలోనే ఒక పన్ను పోతుంది. అందుకే ఇందాక చెప్పిన చిన్న చెక్ ఏంటంటే: చైన్ వేసి, టెన్షనర్ వదిలి, క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి, మార్కులు మళ్ళీ చూడాలి. రెండో నిమిషంలో అయిపోయే పని. షాపులో పది బండ్లు వరుసలో ఉంటే ఇదే మొదట ఎగిరిపోతుంది.

ఒక పన్నే కదా అనుకోకండి. లెక్క వేద్దాం. క్యామ్ స్ప్రాకెట్‌కి 30 పళ్ళు అనుకుందాం, లెక్కకి తేలిక. 360ని 30తో భాగిస్తే ఒక పన్నుకి 12 డిగ్రీలు. ఇది క్యామ్ డిగ్రీలు. క్రాంక్ దీనికి రెట్టింపు తిరుగుతుంది, అంటే 24 డిగ్రీలు. వాల్వ్ మూసుకోవాల్సిన చోటు 24 డిగ్రీలు లేటు. గుట్ట ఎక్కకపోవడానికి అది చాలదా? స్ప్రాకెట్ తీసి, చైన్ ఒక పన్ను జరిపి, లాగే వైపు బిగువుగా పెట్టి, రెండు చుట్లు తిప్పి చూశాం. టాపెట్లు సెట్ చేశాం. కిక్ గట్టిపడింది, బావకి కాలితోనే తెలిసిపోయింది. ఒక పన్ను తేడాకి బతికిపోయాం అనుకోండి. రెండు మూడు పళ్ళు పోతే చాలా ఇంజన్లలో వాల్వ్, పిస్టన్ ఒకదానికొకటి తగులుతాయి, వాల్వ్ వంగుతుంది. ఆ ఖర్చు క్యామ్ ఖర్చు లాంటిది కాదు.

సరే, ఇది కంపెనీ క్యామ్ కథ. ఇప్పుడు రెండో రకం. ఆన్‌లైన్‌లో 'పెర్ఫార్మెన్స్ క్యామ్' కొని వేస్తున్న తమ్ముళ్ళు, మీకు ఈ భాగం.

మార్కులు కలిసినా, రెండు చుట్లు తిప్పినా, టైమింగ్ కొన్ని డిగ్రీలు తప్పుగా ఉండొచ్చు. లోబ్‌ని స్ప్రాకెట్ రంధ్రాలకి సరిగ్గా ఎన్ని డిగ్రీల దగ్గర చెక్కారో తయారీదారుని బట్టి మారుతుంది. చైన్ సాగితే క్యామ్ వెనకపడుతుంది. హెడ్‌గానీ బ్లాక్‌గానీ లేత్ మీద చెక్కిస్తే క్యామ్, క్రాంక్‌కి దగ్గరవుతుంది, లాగే వైపు చైన్ ఆ మేరకు మిగులుతుంది, క్యామ్ మళ్ళీ వెనకే పడుతుంది. ఎంత? చిన్న బైకుల టైమింగ్ చైన్‌లో లింకుకి లింకుకి దూరం మామూలుగా 6.35 మి.మీ. మన 30 పళ్ళ స్ప్రాకెట్ చుట్టుకొలత దాదాపు 190 మి.మీ. అంటే ఒక్క మి.మీ. చైన్ తేడాకి క్యామ్ మీద 1.9 డిగ్రీలు, క్రాంక్ మీద 3.8 డిగ్రీలు. అర మి.మీ. చెక్కిస్తే క్రాంక్ మీద 2 డిగ్రీల దగ్గర. మార్కు చూసి కంటితో ఇది పట్టుకోలేం.

కొలవడానికి నాలుగు కావాలి. 360 డిగ్రీల చక్రం: ప్రింట్ తీసి పాత సీడీకి అంటించండి, క్రాంక్‌కి బిగించండి. ముల్లుకి వైరు ముక్క. డయల్ గేజ్, ఇది కొనాలి, లేదా లేత్ షాపు అన్నని అడిగితే ఇస్తాడు. నాలుగోది పిస్టన్ స్టాప్. పాత ప్లగ్ లోపలి పింగాణీ తీసేసి, దాని గుండా ఒక బోల్ట్ వేసి, కొసని నున్నగా రాయండి.

మొదట పిస్టన్ నిజంగా ఎక్కడ పైకి చేరుతుందో కనిపెట్టాలి. కంటితో ఎందుకు కుదరదంటే, పైకి చేరిన చోట పిస్టన్ దాదాపు ఆగినట్టే ఉంటుంది. స్ప్లెండర్ స్ట్రోక్ 49.5 మి.మీ. కొస దగ్గర క్రాంక్ 5 డిగ్రీలు తిరిగినా పిస్టన్ కదిలేది మి.మీ.లో పదో వంతు కంటే కాస్త ఎక్కువ, అంతే. అందుకని పక్కదారి పట్టాలి. పిస్టన్‌ని కొంచెం కిందికి దించి ప్లగ్ చోట స్టాప్ బిగించండి. చేత్తో, చాలా మెల్లగా, పిస్టన్ స్టాప్‌కి తగిలేదాకా తిప్పండి. చక్రం మీద సున్నా నుంచి 32 చూపించింది అనుకుందాం. ఇప్పుడు ఎదురు దిశలో తిప్పి తగిలించండి. 38 చూపించింది. రెండూ కలిపితే 70, సగం 35. ముల్లుని 3 డిగ్రీలు జరిపితే రెండు వైపులా 35 వస్తుంది. అప్పుడు చక్రం మీది సున్నాయే అసలైన పై కొస. స్టాప్ తీసేయడం మర్చిపోకండి. కిక్ కొట్టి దీన్ని పగలగొట్టే ఛాన్స్ ఉంది, స్టాప్‌కి ఎర్ర రిబ్బన్ కట్టండి.

ఇప్పుడు ఇన్‌లెట్ లోబ్ నడిమి ఎక్కడుందో కొలవాలి. ఇన్‌లెట్ టాపెట్ గ్యాప్ సున్నాకి తెచ్చి, డయల్ గేజ్ ముల్లుని వాల్వ్ తల మీద నిటారుగా ఆనించండి. నడిచే దిశలోనే తిప్పుతూ వాల్వ్ పూర్తిగా తెరుచుకునే చోటికి రండి, గేజ్‌ని అక్కడ సున్నా చేయండి. లోబ్ కొస కూడా చదునుగానే ఉంటుంది కాబట్టి ఇక్కడా అదే ఉపాయం. ఇంకో చుట్టు తిరిగొచ్చి, పూర్తి ఎత్తుకి 1 మి.మీ. తక్కువున్న చోట ఆగి డిగ్రీలు రాసుకోండి. కొస దాటి మళ్ళీ 1 మి.మీ. తగ్గిన చోట రాసుకోండి. మొదటిది 64, రెండోది 152 అనుకుందాం. కూడి సగం చేస్తే 108. అంటే పిస్టన్ పై కొస దాటిన 108 డిగ్రీల దగ్గర లోబ్ నడిమి ఉంది. క్యామ్‌తో వచ్చిన కార్డులో 105 అని ఉంటే, మన క్యామ్ 3 డిగ్రీలు లేటు. గేజ్ చదివేటప్పుడు చోటు దాటిపోతే కొంచెమే వెనక్కి తిప్పి ఊరుకోకండి, పావు చుట్టు వెనక్కి పోయి మళ్ళీ నడిచే దిశలో రండి. లేకపోతే చైన్ వదులు మీ లెక్కలో కలిసిపోతుంది.

ఒక మాట. లోబ్ రెండు వైపులా ఒకే వంపు లేని క్యామ్‌లు ఉంటాయి. వాటికి ఈ నడిమి లెక్క కొంచెం తప్పు చూపిస్తుంది. కార్డులో '1 మి.మీ. ఎత్తు దగ్గర ఇన్ని డిగ్రీలకి తెరుచుకోవాలి, ఇన్ని డిగ్రీలకి మూసుకోవాలి' అని ఇస్తే, వాల్వ్ మూసి ఉన్న చోట గేజ్‌ని సున్నా చేసి ఆ రెండు అంకెలే కొలవండి, అది ఇంకా మంచిది. కార్డే ఇవ్వని క్యామ్ అయితే? నన్నడిగితే కొనొద్దు. దేనితో పోల్చాలో తెలియని కొలత ఎందుకు?

3 డిగ్రీల తేడాని సరిచేయాలా? మామూలు బండికి అక్కర్లేదనే అంటా. 2, 3 డిగ్రీలు రోజూ ఆఫీసుకి, పొలానికి పోయే బండిలో మీకు తెలియను కూడా తెలియదు. 5, 6 దాటితే ఆలోచించండి. సరిచేసే పద్ధతి ఏంటంటే, జరిపే వీలున్న స్ప్రాకెట్ దొరికితే అది వేయాలి. లేదంటే స్ప్రాకెట్ బోల్ట్ రంధ్రాలని కొంచెం పొడుగ్గా రాయాలి. క్రాంక్ మీద 3 డిగ్రీలంటే క్యామ్ మీద 1.5. బోల్ట్ మధ్య నుంచి 12 మి.మీ. దూరంలో ఉంటే, రాయాల్సింది 0.3 మి.మీ. మాత్రమే. ఆకురాయితో రెండు లాగుళ్ళు. నాలుగు లాగితే దాటిపోతుంది. రాసిన రంధ్రంలో బోల్ట్ జారితే మొత్తం ఇంజన్ పోతుంది. బోల్ట్‌కి లాకింగ్ గమ్ పెట్టి టార్క్ రెంచీతో బిగించలేని చోట ఈ పని చేయకండి, ఆ 3 డిగ్రీలతోనే బతకండి.

ఇంకొకటుంది. పెర్ఫార్మెన్స్ క్యామ్ వాల్వ్‌ని ఎక్కువ ఎత్తు తెరుస్తుంది. పిస్టన్‌కి, వాల్వ్‌కి మధ్య చోటు ఉందో లేదో చూడాలి. పిల్లలు ఆడుకునే మెత్తటి క్లే తీసుకోండి. హెడ్ విప్పి పిస్టన్ తల మీద వాల్వ్‌లు వచ్చే చోట కొంచెం అంటించి, పైన చుక్క ఆయిల్ రాసి, హెడ్, చైన్, క్యామ్ అన్నీ బిగించి, టాపెట్ సెట్ చేసి, చేత్తో రెండు చుట్లు తిప్పండి. ఎక్కడైనా పట్టేసినట్టు అనిపిస్తే బలవంతం వద్దు, ఆగండి. మళ్ళీ విప్పి, క్లేని బ్లేడుతో కోసి, పలచటి చోట మందం కొలవండి. పెద్ద కారు ఇంజన్లకి తరచూ చెప్పే లెక్క ఇన్‌లెట్ దగ్గర 2, ఎగ్జాస్ట్ దగ్గర 2.5 మి.మీ. మీ చిన్న ఇంజన్‌కి క్యామ్ చేసినవాళ్ళు చెప్పిన అంకె పాటించండి. క్యామ్ ముందుకి జరిపితే ఇన్‌లెట్ వాల్వ్ పిస్టన్‌కి దగ్గరవుతుంది, వెనక్కి జరిపితే ఎగ్జాస్ట్ వాల్వ్. కాబట్టి టైమింగ్ మార్చిన ప్రతిసారీ ఈ కొలత మళ్ళీ తీయాలి. విసుగే, కానీ తప్పదు.

అన్నీ అయ్యాక లోబ్‌ల మీద, రాకర్ల మీద ఆయిల్ బాగా పోయండి. కొత్త క్యామ్ పొడిగా తిరిగే మొదటి నిమిషమే దానికి ఎక్కువ చేటు. ప్లగ్ పెట్టకుండా ఓ పది సార్లు కిక్ కొడితే ఆయిల్ పైకి ఎక్కుతుంది. టాపెట్ గ్యాప్ ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, 'టీ' మార్కు మీద, రెండు రాకర్లూ వదులుగా ఉన్న చుట్టులోనే పెట్టాలి. ఇంకో చుట్టులో పెడితే తప్పుడు గ్యాప్ వస్తుంది. మీ బండి మాన్యువల్‌లో ఉన్న అంకె, ఫీలర్ గేజ్, ఈ రెండూ ఉండాలి. మి.మీ.లో వందో వంతుల లెక్క అది, చేతి అంచనాతో కుదరదు.

బండి షాపులో ఇచ్చేవాళ్ళకి ఒక్క చిట్కా. కవర్ మూసేముందు "అన్నా, ఒకసారి రెండు చుట్లు తిప్పి మార్కు చూపించవా, వీడియో తీసుకుంటా" అని మర్యాదగా అడగండి. మంచి మేస్త్రీ ఎవరూ కోప్పడరు. 'టీ' గీత, సున్నా గుర్తు రెండూ ఒకే వీడియోలో పడాలి. రేపు ఏదైనా తేడా వస్తే ఆ వీడియో మీ దగ్గర ఉంటుంది.

మీ క్యామ్ స్ప్రాకెట్‌కి ఎన్ని పళ్ళున్నాయో లెక్కపెట్టి, బండి పేరుతో కింద రాయండి. ఒక పన్నుకి ఎన్ని డిగ్రీలో వేసి జవాబిస్తా. వచ్చే ఎపిసోడ్‌లో ఈ చైన్ టెన్షనర్‌ని విప్పి చూద్దాం, అది ఎప్పుడు చచ్చిపోతుందో శబ్దంతో ఎలా పట్టుకోవాలో. బై.